జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వృద్ధులు మందుల కోసం అందరితోపాటు గంటల తరబడి నిలబడుతున్నారు. వారికి ప్రత్యేక వరుస ఉండాలని 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అమలు చేయించండి.

అంతకన్నా పెద్ద బాధ మరొకటి. ఒక డాక్టరు రాసిన బీపీ మాత్ర, మరొకరు రాసిన నిద్రమాత్ర కలిస్తే కళ్లు తిరగవచ్చు. రాత్రి మూత్రానికి లేచి పడితే తుంటి ఎముక విరగవచ్చు. తర్వాత ఎందరో మంచానికే పరిమితమవుతారు. 70 ఏళ్లు దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ఏటా 5 లక్షల వరకు ఇస్తుంది, నిజమే, కానీ అది ఆసుపత్రిలో చేరాక. పడకముందు చూసే మనిషి కావాలి. ఏఎన్ఎం నెలనెలా ఇంటికొచ్చి, వాడే మందులన్నీ ఒకచోట రాసి, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ చూసి, డాక్టరుకు తెలిపే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
ఒక వృద్ధురాలి కూతురు