గోదాము మ్యూజియం చేసే ముందు మార్ఫా సంగతి

బాబాయ్, నమస్కారం. పిన్నిని అడిగానని చెప్పండి.

మన ఊరి పాత ధాన్యం గోదామును పడగొట్టకుండా మ్యూజియం చేద్దామన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. మేస్త్రీని పిలిచే ముందు ఒక్కసారి మార్ఫా సంగతి వినండి. టెక్సాస్ పడమటి ఎడారిలో 1,800 మంది ఉండే ఊరది. ఊరి అంచున ఉన్న ఫోర్ట్ డి.ఎ. రస్సెల్‌ను సైన్యం 1946లో మూసేసింది. శిల్పి డోనాల్డ్ జడ్ అందులోని రెండు ఫిరంగి షెడ్లను తీసుకుని తలుపులూ పైకప్పూ మార్చాడు. 1986లో అది చినాటి ఫౌండేషన్ మ్యూజియంగా తెరుచుకుంది.

పాడైన గ్యారేజీ తలుపులు తీసేసి, ఆ ఖాళీల్లో నాలుగు పలకల పెద్ద అద్దాలు బిగించాడు. చదును కప్పు కారుతుంటే దానిపైన అర్ధచంద్రాకారంలో జింకు రేకుల కప్పు లేపాడు. షెడ్డు ఎత్తు రెట్టింపయింది. కారే శ్లాబుకు ఏటా తారు పూయించే బదులు నీరు జారిపోయే వాలు ఇవ్వడమే మేలు. మన పని కూడా కప్పు నుంచే మొదలవ్వాలి.

లోపల 100 అల్యూమినియం పెట్టెలున్నాయి. అన్నీ 41 × 51 × 72 అంగుళాల ఒకే కొలతవే, లోపలి అమరిక మాత్రం దేనికదే వేరు. ఎండ తిరిగేకొద్దీ ఒకే పెట్టె ఓసారి వెండిలా, ఓసారి అద్దంలా కనిపిస్తుంది. ఎంతసేపు చూసినా తనివి తీరదు. అయితే షెడ్లలో ఏసీ లేదు. 72 అంగుళాల అల్యూమినియం 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.25 మిల్లీమీటర్లు సాగుతుంది. సందివ్వకుండా బిగిస్తే రేకు ఉబ్బుతుంది. పూతలేని లోహం మీద వేలిముద్ర పడితే మచ్చ ఉండిపోతుంది కాబట్టి ఎవరినీ ముట్టుకోనివ్వరు.

అంత వెలుగు లోహానికి సరే, మీరు పెట్టాలనుకుంటున్న కలంకారీకి పనికిరాదు. గుడ్డ మీద, కాగితం మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి. కిటికీకి అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ ఫిల్మ్ అంటిస్తే చాలదు, మామూలు వెలుతురు కూడా రంగు తినేస్తుంది. వెలిసిన రంగు మళ్లీ రాదు. వాటిని కిటికీల్లేని లోపలి గదిలో పెట్టి, కొన్ని నెలలకోసారి మార్చండి.

గోడలకు సిమెంటు పూయించవద్దు. సున్నంతో కట్టిన గోడ చెమ్మను బయటికి వదలాలి. సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తే ఉప్పు పొంగి ఇటుక పొడి రాలుతుంది. పాత పూత గీకించే ముందు గోడలన్నీ తడిమి చూడండి. మార్ఫా షెడ్లలో యుద్ధ ఖైదీలైన జర్మన్ల కోసం వాళ్ల భాషలో రాసిన హెచ్చరికలను జడ్ చెరపకుండా ఉంచాడు. మన గోడల మీద బస్తాల లెక్కలు కనిపిస్తే అంతమేర పూత ముట్టుకోవద్దని మేస్త్రీకి ముందే చెప్పండి.

కప్పు ఫొటోలు పంపండి, వాలు ఎంతివ్వాలో చూసి రాస్తాను.

మీ అన్నగారి అబ్బాయి