30 మీటర్లు ఎగిరే రాకెట్

ఒరేయ్,

ఫోన్‌లో చెబితే తనివి తీరదని కూర్చుని రాస్తున్నాను. ఆ శంకు రాకెట్ ఎగిరిందిరా! నాలుగు సార్లు వదిలాను, నాలుగు సార్లూ నా కళ్ల ముందే దిగింది.

మన పాత సన్న రాకెట్ గుర్తుందిగా? సి6 రకం మందు మోటార్ పెట్టి మీట నొక్కితే సుయ్‌మని పోయేది. 300 మీటర్లు వెళ్లిందని మురిసిపోయేవాళ్లం. కానీ మనం చూసిందేముంది, ఓ పొగ గీత. ఆ తర్వాత మెడలు పట్టేసేదాకా ఆకాశంలో వెతుకులాట. చివరికి గాలివాటాన ఎటో కొట్టుకుపోయింది, మళ్లీ దొరకలేదు. అది పోయాక చాలా రోజులు నాకు రాకెట్ల మీదికి మనసు పోలేదు. ఈ కిట్ కొన్నది కూడా అందుకే. ఇది పైకి పోవడానికి పుట్టిన రాకెట్ కాదు.

ఆకారం చెబుతాను, ఊహించుకో. దళసరి అట్టతో చేసిన శంకు. మూతి వెడల్పు 25 సెంటీమీటర్లు, ఎత్తూ అంతే. రెక్కలు లేవు. లోపల మధ్యలో 18 మిల్లీమీటర్ల మోటార్ గొట్టం, దాన్ని పట్టుకోవడానికి రెండు రింగులు. కొన మాత్రం టోపీలా ఊడి వస్తుంది, దానికో ఎలాస్టిక్ తాడు, ఒక స్ట్రీమర్, అదే పొడవాటి రిబ్బన్. పారాచూట్ లేదు.

పని తక్కువే గానీ, అట్టను చుట్టడం దగ్గర నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. తిన్నగా మడిస్తే గీత పడుతుంది. అందుకని ముందు బల్ల అంచు మీద అట్టను మెల్లగా అటూ ఇటూ లాగి వంపు అలవాటు చేశాను. అతుకు దగ్గర అంచు మీద అంచు ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగినా మూతి గుండ్రంగా రాదు, కోడిగుడ్డులా అవుతుంది. జిగురు ఎక్కువ రాస్తే తడికి అట్ట ఉబ్బుతుంది. పలచగా రాసి, వేళ్లతో అదిమి, ఆరేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. నువ్వు చేసేటప్పుడు ఈ ఒక్కచోట తొందరపడకు.

అసలు నీకు చెప్పాలనుకున్నది దాని బ్యాలెన్స్ సంగతి. బరువు కేంద్రం పీడన కేంద్రం (గాలి ఒత్తిడంతా ఒక్కచోటే పడినట్టు లెక్కవేసే బిందువు) కన్నా ముందుండాలి, కనీసం రాకెట్ వెడల్పంత దూరం ఉండాలి అని మనం నేర్చుకున్నాం కదా. ఇక్కడ లెక్క వేసి చూడు. శంకుకు పీడన కేంద్రం కొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, అంటే సుమారు 16.7 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దానికి 25 సెంటీమీటర్ల ముందు అంటే కొన దాటి 8 సెంటీమీటర్లు అవతల, గాలిలో! అక్కడ బరువు ఎలా పెడతాం? ఇంకో చిత్రం, డొల్ల శంకు తన బరువు కేంద్రం కూడా సరిగ్గా ఆ మూడింట రెండు వంతుల దగ్గరే ఉంటుంది. అంటే ఒట్టి అట్ట శంకు అటూ కాదు, ఇటూ కాదు. అందుకే మోటార్‌ను మూతి దగ్గర కాకుండా బాగా లోపలికి, పైకి జరిపి పెడతారు. కొనలో నేను 15 గ్రాముల బంకమట్టి కూడా కుక్కాను. అన్నీ కలిపి 95 గ్రాములు తూగింది, బరువు కేంద్రం 12.5 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చింది.

ఆ 4 సెంటీమీటర్ల తేడాతో ఎలా నిలబడుతుందని నాకూ టెన్షనే. దాన్ని నిలబెట్టేది వెనకున్న వెడల్పాటి మూతి. అంత మూతి గాలిని చీల్చుకుంటూ పోతే వెనక పీడనం పడిపోతుంది, ఆ లాగుడు గాలిపటానికి తోకలా పనిచేస్తుంది. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసేవాళ్లు దీనికో ఉపాయం వాడతారు. మూతికి వెనకాల బరువు లేని ఊహా శంకు ఒకటి తగిలిస్తారు, పొడవు వెడల్పుకు 3.14 రెట్లు. మన దానికైతే 78 సెంటీమీటర్లు. అది తగిలించాక పీడన కేంద్రం వెనక్కి జరిగి లెక్క కుదురుతుంది. ఇన్నాళ్లూ ఇసుక కాగితంతో రుద్ది రుద్ది తగ్గించాలని చూసిన డ్రాగ్, అదే గాలి వెనక్కి లాగే లాగుడు, ఇక్కడ రెక్కల పని చేస్తోంది! 1950ల మొదట్లో అమెరికా ఇంజనీరు హార్వీ ఆలెన్ అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వాహనానికి మొద్దు ముక్కే మేలని తేల్చాడు కదా, ఆ మాట ఇప్పుడు నాకు చేతికి తగిలినట్టు అర్థమైంది.

ఇక ఎగరేసిన రోజు. పొద్దున్నే, ఆకు కదలని వేళ చూసుకున్నాను. ఇంత వెడల్పున్నది ఎగిరే ముందు నిలబెట్టే రాడ్ మీద ఉండగా గాలి తగిలితే రాడ్డే వంగుతుంది. 5 మీటర్ల దూరం నుంచి లెక్కపెట్టి నొక్కాను. బుస్సుమంది, లేచింది. ఎంత నిదానంగా అనుకున్నావు! మోటార్ మండే ఆ రెండు సెకన్లూ మంట, పొగ, శంకు గుండ్రంగా తిరగడం, అన్నీ చూశాను. ఆరిన మరుక్షణం ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగింది. 30 మీటర్లు ఉంటుందేమో, అంతే.

అక్కడే గుండె జారింది. కిట్‌తో వచ్చిన కాగితంలో సి6-5 వాడమని ఉంది, అదే పెట్టాను. ఆ చివరి 5 అంటే, మోటార్ ఆరాక 5 సెకన్లకు గానీ కొన ఊడదు. ఇదేమో ఒక్క సెకనులోనే శిఖరానికి చేరి, తలకిందులై దిగడం మొదలుపెట్టింది. సన్న రాకెట్‌కు ఆ 5 సెకన్లు కావాలి, అది ఇంకా పైకి దూసుకుపోతూ ఉంటుంది. దీనికి అంత ఊపు ఎక్కడిది? నేలకు ఇంకా రెండు నిలువుల ఎత్తు ఉందనగా టప్‌మని కొన ఊడింది. కొన కాస్త నొక్కుకుంది గానీ శంకుకు ఏమీ కాలేదు. కొన కిందికి పెట్టి పడినా దాని వెడల్పే దాన్ని నెమ్మదిగా దించింది మరి.

తర్వాతి మూడు సార్లూ సి6-3 పెట్టాను. ఇంకా బాగా ఎత్తులో ఉండగానే కొన ఊడింది, స్ట్రీమర్ విచ్చుకుంది, మూతి కిందికి పెట్టుకుని గొడుగులా ఊగుతూ దిగింది. నాలుగోసారైతే లాంచ్ ప్యాడ్‌కు పది అడుగుల దూరంలో వాలింది. పరుగెత్తి పట్టుకుంటే లోపలి గోడలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, మసి వాసన వేస్తున్నాయి. చాలాసేపు కింద పెట్టబుద్ధి కాలేదురా.

ఇప్పుడు 40 సెంటీమీటర్ల మూతితో సొంతంగా ఒకటి గీస్తున్నాను, 24 మిల్లీమీటర్ల డి12 మోటార్‌కు. బరువు ఎంత దాటితే లేవదో ఇంకా తేల్చుకోలేదు. నీ దగ్గర ఆ చిన్న డిజిటల్ తూకం ఉందిగా, వచ్చేటప్పుడు మరిచిపోకుండా పట్టుకురా. అట్ట చుట్టడానికి రెండు చేతులు చాలవు, నీ చేతులు కూడా కావాలి.

నీ
రాకెట్ నేస్తం