సెకన్లను గంటల్లోకి మార్చేటప్పుడు జరిగే పొరపాట్లు

సంపాదకులకు నమస్కారం.

కోడింగ్ నేర్చుకుంటున్న మీ పాఠకుల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను రోజూ వాడే ఒక యాప్‌లో నిన్న వీడియో నిడివి 1:60 అని కనిపించింది, అరవై సెకన్లయితే అది ఇంకో నిమిషం కావాలి కదా!

నిజానికి లెక్క చాలా తేలిక. 7384 సెకన్లను 3600తో భాగిస్తే 2 గంటలు, మిగిలిన 184ని 60తో భాగిస్తే 3 నిమిషాలు, చివరికి 4 సెకన్లు మిగులుతాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అయితే డివ్‌మాడ్ అనే ఫంక్షన్ భాగఫలాన్నీ శేషాన్నీ ఒకేసారి ఇచ్చేస్తుంది. అంకెల ముందు సున్నా పెట్టడం మాత్రం మరవకూడదు, 2:3:4 కంటే 02:03:04 చూడగానే అర్థమవుతుంది.

అసలు తప్పు రౌండింగ్ దగ్గర, అంటే దశాంశ సంఖ్యను దగ్గరి పూర్ణసంఖ్యగా మార్చే చోట జరుగుతుంది. 119.6 సెకన్లను ముందు నిమిషాలుగా విడదీసి, మిగిలిన 59.6ని తర్వాత రౌండ్ చేస్తే వచ్చేదే ఆ 1:60, అదే మొత్తాన్ని ముందే 120 చేసి అప్పుడు భాగిస్తే చక్కగా 2:00 వస్తుంది.

ఇంకోటి, చాలామంది షార్ట్‌కట్‌గా గడియారం టైమ్ చూపించే ఫంక్షన్‌నే వ్యవధికీ వాడేస్తారు, అది 24 గంటలు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 90000 సెకన్లు, అంటే 25 గంటలు, కాస్తా 01:00:00గా కనిపిస్తాయి. పరీక్షించేటప్పుడు 0, 59, 60, 3599, 3600, 86400 విలువలు తప్పకుండా ఇచ్చి చూడండి.

ఇట్లు,
మీ పాఠకుడు