కొత్త రూటరు కొనే ముందు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పైఅంతస్తు చివరి గదికి వైఫై అందడం లేదనీ, ఇంతకంటే శక్తిమంతమైన రూటరు కొంటే సరిపోతుందా అనీ అడిగావు. ఇప్పుడే ఏమీ కొనవద్దు. ఇదే బాధను కొన్ని నెలలు పడి, పనికిరాని పరికరాలతో ఒక సొరుగంతా నింపుకున్నవాణ్ణి కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

రూటరు ఎంత గట్టిగా అరిచినా, అవతలి నుంచి ఫోను ఇచ్చే జవాబు దానికి వినబడితేనే పని జరుగుతుంది. ఫోనులోని యాంటెన్నా చిన్నది, దాని బ్యాటరీకి ఉన్న శక్తీ తక్కువే. అందుకే ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా వీడియో కాల్ తెగిపోతూ ఉంటుంది. రూటరు గొంతు పెంచడం కంటే దానిని నువ్వు కూర్చునే చోటికి దగ్గర చేయడం మేలు.

ముందు అది ఇప్పుడు ఎక్కడ ఉందో చూడు. కనెక్షన్ ఇచ్చినవారు తీగ లోపలికి వచ్చిన మూలనే బిగించి వెళ్లి ఉంటే, సగం తరంగాలు వీధిని ఉద్ధరిస్తున్నాయన్నమాట. మాది టీవీ వెనుక, తలుపులున్న అలమరలో ఉండేది. ఇంటి నడుమకు, కాస్త ఎత్తైన చోటికి మార్చగానే రెండు గదుల ఇబ్బంది తీరిపోయింది. తరువాత కాగితం మీద ఇంటి పటం గీసుకుని, సిగ్నల్ కొలిచే యాప్‌తో గది గదికీ తిరిగి అంకెలు రాసుకున్నాను. ఇంట్లోవాళ్లు నన్ను వింతగా చూశారనుకో. సిగ్నల్ బలాన్ని కొలిచే ఆ అంకెల కొలమానం డీబీఎం, అంకె సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ. మైనస్ 67 డీబీఎం వరకు ఉంటే వీడియో కాల్ నిశ్చింతగా సాగుతుంది, మైనస్ 80కి దిగితే కనెక్షన్ పేరుకే మిగులుతుంది. ఆ అంకె మూడు డెసిబెల్స్ తగ్గితే శక్తి సగమైనట్టే లెక్క. మా నిలువుటద్దాల బీరువా చేస్తున్న నిర్వాకం ఆ పటం వల్లనే బయటపడింది: అద్దం వెనుక ఉండే లోహపు పూత తరంగాలను తిప్పికొడుతుంది. ఇనుప కడ్డీలున్న కాంక్రీటు గోడ, నీళ్లు నిండిన చేపల తొట్టి కూడా తక్కువవేమీ కావు.

చాలా రూటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల తరంగాలను పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను మెరుగ్గా దాటుతాయి కానీ, అక్కడ రద్దీ ఎక్కువ. మైక్రోవేవ్ ఓవెన్ గోల కూడా ఆ దగ్గరే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పనిచేస్తుంది, గోడ అడ్డొస్తే మాత్రం త్వరగా నీరసిస్తుంది.

నేను చేసిన తప్పు ఎక్స్‌టెండర్, అంటే రూటరు సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె, కొనడం, అంతకంటే పెద్ద తప్పు దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెట్టడం. తనకే సరిగా వినబడని మాటను అది ఇతరులకు ఏమని చెబుతుంది? పైగా ఒకే రేడియో ఉన్న ఎక్స్‌టెండర్ వినడానికీ చెప్పడానికీ అదే ఛానల్‌ను (తరంగాల దారిని) వాడుకుంటుంది కాబట్టి, వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

చివరికి నన్ను గట్టెక్కించింది తీగే. క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోస్తుంది, ఎన్ని గోడలున్నా దానికి పట్టదు. కరెంటు తీగలున్న గొట్టంలో కాకుండా వేరే దారిలో దానిని పైకి తీసుకెళ్లి, చివర ఇంట్లో పాత రూటరు ఏదైనా ఉంటే దానిని యాక్సెస్ పాయింట్‌గా, అంటే తీగలో వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా పంచేదిగా, మార్చి తగిలించు. ఆ పద్ధతి అందులో లేకపోతే, దాని సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపివేసి, దాని ఐపీ చిరునామాను (నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామాను) కింది రూటరుతో కలవకుండా మార్చి, కేబుల్‌ను ల్యాన్ అని రాసి ఉన్న పోర్టులో పెడితే సరిపోతుంది. వైఫై పేరూ పాస్‌వర్డూ కింది రూటరువే ఇవ్వు, 2.4లో ఛానళ్లు మాత్రం వేరుగా ఉండాలి. ఒకదానిపై ఒకటి పడనివి 1, 6, 11. పైకి వెళ్లినా ఫోను కింది రూటరునే పట్టుకుని వేలాడుతుంటే, ఆ రూటరు ప్రసార శక్తిని కొద్దిగా తగ్గించి చూడు.

కేబుల్ లాగడం బొత్తిగా కుదరకపోతేనే మెష్ గురించి, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెల గురించి, ఆలోచించు. అప్పుడు కూడా రెండో పెట్టెను చివరి గదిలో కాక, సిగ్నల్ ఇంకా బాగున్న సగం దారిలో పెట్టాలి.

గోడకు రంధ్రం వేయించే ముందు, నువ్వు గీసిన పటాన్నీ అంకెలనూ ఫొటో తీసి పంపు. కేబుల్ ఏ దారిన పోవాలో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ మిత్రుడు