పబ్లిక్ గార్డెన్స్: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికి నమస్తే. ఈసారి రిపోర్టు కొంచెం పొడుగ్గ ఉంటది, ఓపికతోని చదవండి. ప్రతి ఏడు ఎన్ని మొక్కలు పెట్టినం, ఎంత ఖర్చయింది, ఎవరికి శాలువా కప్పినం అని రాసి అయిపోయిందనిపించేటోళ్లం. కానీ ఈ ఏడాది మన సంఘం చేసిన పెద్ద పని వేరే ఉన్నది, మనం రోజు నడిచే ఈ జాగ గురించి మనమే సరిగ్గ తెలుసుకునుడు, తెలుసుకున్నది పిల్లలకి చెప్పుడు. అందుకే ముందుగాల దాని గురించే రాస్తున్న.

మీకు యాదికి ఉంటది, మన వాట్సాప్ గ్రూపుల ఒక మెసేజ్ తిరిగింది, ఈ గార్డెన్ ని 1846ల ఆఖరి నిజాం కట్టించిండని. చాలామంది లైకులు కొట్టిన్రు, ఫార్వర్డ్ కూడా చేసిన్రు. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పుట్టిందే 1886ల, మరి 1846ల ఎట్ల కట్టిస్తడు? 1846 అనే సంవత్సరం చాలా చోట్ల రాసి ఉంటది నిజమే, ఆ లెక్కన చూస్తే అది నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలం. కమిటీల ఒక పెద్దమనిషి ఇది ఎత్తిచూపినంక, రోజు ఇక్కడ తిరిగేటోళ్లమే ఇట్ల తప్పు చెప్పుకుంటే పిల్లలకి ఏం చెప్తం అని అందరం అనుకున్నం, నెలకి ఒక ఆదివారం చరిత్ర నడక అట్ల మొదలైంది.

బాగే ఆమ్ అని పాతోళ్లు ఇప్పటికీ అంటరు. దీని లోపల ఉన్నన్ని కట్టడాలు హైదరాబాద్ ల ఇంకే పార్కుల లేవు అని నా నమ్మకం. అసెంబ్లీ పాత బిల్డింగే తీసుకోండి, తెల్లగ మెరిసే ఆ గుమ్మటాలు రోజు చూస్తనే ఉంటం. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నలభయ్యో పుట్టినరోజు గుర్తుగ 1905ల మొదలుపెట్టిన టౌన్ హాల్ అది, కట్టించింది ఊరి జనం. పని పూర్తయ్యేసరికి 1913 వచ్చింది, మహబూబ్ పాషా 1911లనే పోయిండు, అంటే ఎవరి పేరు మీద కట్టిన్రో ఆయన చూడనే లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు నడకకి వచ్చినోళ్లల్ల చాలామంది ఆగి ఆ బిల్డింగ్ దిక్కు మళ్లొకసారి చూసిన్రు.

జూబ్లీ హాల్ ల 1937ల ఏడో నిజాం సిల్వర్ జూబ్లీ జరిగింది, ఆ రోజు ఆయన కూసున్న బంగారు రేకు తాపడం చేసిన కుర్చీ ఇప్పుడు పురానీ హవేలీ మ్యూజియంల ఉన్నది, చూడనోళ్లు తప్పకుండ చూడాలె. 1924 నాటి షాహీ మసీదు కూడా గార్డెన్ లనే ఉన్నది, ఏడో నిజాం శుక్రవారం నమాజుకి అక్కడికే వచ్చేటోడని చెప్తరు. జవహర్ బాల భవన్, నంది అవార్డుల ఫంక్షన్లు జరిగిన లలిత కళా తోరణం మీ అందరికి తెలిసినయే. గేటు దాటితే గన్ పార్క్, 1969 ఉద్యమంల ప్రాణాలిచ్చినోళ్ల స్తూపం, చేసిన శిల్పి ఎక్కా యాదగిరిరావు. మన నడక అక్కడ దండం పెట్టినంకనే అయిపోతది.

ఇగ గార్డెన్ లోపలున్న స్టేట్ మ్యూజియం. ఇన్నేండ్ల నుంచి నడుస్తున్నోళ్లు కూడా లోపలికి పోలేదంటే వాళ్ల తప్పు కాదు, మనం వాకింగ్ అయిపోయి ఇంటికి పోయి టిఫిన్ తినే టైంకి కూడా అది తెరవరు, పదిన్నరకి గాని టికెట్ ఇయ్యరు, శుక్రవారం సెలవు. అందుకని ఒక ఆదివారం అందరం టిఫిన్ డబ్బాలు తెచ్చుకొని చెట్ల కింద తిని, తెరిచేదాక ఆగి ఒకేసారి పోయినం. పిల్లలు నేరుగ మమ్మీ దగ్గరికే ఉరికిన్రు. ఆ ఈజిప్టు రాజకుమారి పేరు నైషు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకి కొని తెచ్చి ఏడో నిజాంకి ఇచ్చిండని, ఆయన మ్యూజియంకి ఇచ్చిండని చెప్తరు. నాకు మాత్రం అజంతా గ్యాలరీ దగ్గర్నే కాలు ఆగింది. అప్పట్ల అజంతా గుహలు నిజాం రాజ్యంల ఉండేటియి, గులాం యజ్దానీ పురావస్తు శాఖ చూస్తున్న కాలంల ఆ గోడల మీది బొమ్మలకి చేయించిన నకళ్లు ఇక్కడ ఉన్నయి. ఔరంగాబాద్ దాక పోలేనోళ్లకి ఇంతకన్న ఏం కావాలె.

పిల్లలకి అన్నిటికన్న నచ్చింది తాబేలు ముచ్చట. ఇప్పుడు మనం నడిచే ఈ గార్డెన్ లనే ఒకప్పుడు జూ ఉండె, 1963ల బహదూర్‌పురల నెహ్రూ జూ తెరిచినప్పుడు జంతువులని అక్కడికి తీస్కపోయిన్రు. అట్ల పోయిన వాటిల్ల ఒక పెద్ద గాలాపాగోస్ తాబేలు ఉన్నది, పేరు చాణక్య, 2024ల చచ్చిపోయింది, అప్పటికి దానికి నూట ఇరవై అయిదేండ్లని జూ వాళ్లు చెప్పిన్రు. పేపర్ల ఆ వార్త వచ్చిన రోజు మన సీనియర్లు కొందరు, చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకొని వచ్చి ఇక్కడ తాబేళ్లని చూసినమని చెప్తుంటే వినేటోళ్లకి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గా ముచ్చట్లు రాసి పెట్టుకోవాలె, ఆలస్యం చేస్తే చెప్పేటోళ్లు ఉండరు.

మిగిలిన పనులు జల్ది చెప్త. చెట్లకి కొట్టిన మేకులు, బ్యానర్ల తీగలు పీకేసినం, నిద్రగన్నేరు, మర్రి, వేప లాంటి పెద్ద చెట్లకి తెలుగు పేర్లు రాసిన అట్టలు తాడుతోని కట్టినం, మేకు కొట్టలేదు. రాలిన ఆకులు కాలవెట్టొద్దని తోటపని చేసేటోళ్లతోని మాట్లాడి ఒక మూలకు గుంత తవ్వి ఎరువు చేస్తున్నం, మొదట్ల వాసన వస్తుందని కొందరు గొడవ పెట్టిన్రు గాని మట్టి పొర వేసుడు మొదలుపెట్టినంక ఆ ఇబ్బంది పోయింది. ఎండకాలం పక్షులకి మట్టి చిప్పల్ల నీళ్లు పెట్టినం, దోమలు గుడ్లు పెట్టకుండ రోజు నీళ్లు మార్చిన ఆడోళ్ల బ్యాచ్ కి ఈ రిపోర్టుల ప్రత్యేకంగ థ్యాంక్స్ చెప్పాలె. బీపీ, షుగర్ టెస్టుల క్యాంపు ఎప్పటిలెక్కనే జరిగింది.

కానియి కూడా చెప్పాలె కదా. ఆడోళ్ల టాయిలెట్ల గురించి, కొలను వెనక చీకటి గురించి దరఖాస్తులు పెట్టినం, ఇంకా పని కాలేదు, తిరుగుతనే ఉన్నం. పెద్ద మీటింగులు అయిన తెల్లారి నీళ్ల ప్యాకెట్లు, ప్లేట్లు గడ్డి మీద పడి ఉంటున్నయి. మనోళ్లు ఏరుతున్నరు, కానీ అది మనం ఏరితే ఒడిసే పని కాదు, మీటింగ్ పెట్టేటోళ్లే శుభ్రం చేసిపోవాలని నియమం రావాలె. దీని మీద సంతకాలు మొదలుపెట్టినం, ఇంకా పెట్టనోళ్లు పెట్టండి. అసెంబ్లీ నడిచే రోజుల్ల, జెండా పండుగలప్పుడు బందోబస్తు ఉంటది, ఆ రోజుల్ల ఏ గేటు తెరిచి ఉంటదో ముందురోజు రాత్రే గ్రూపుల పెడుతున్నం, ఇది ఇట్లనే సాగిస్తం.

జమాఖర్చు కోశాధికారి సర్వసభ్య సమావేశంల చదువుతరు, బిల్లులన్ని ఫైల్ల ఉన్నయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. చందా పెంచుతలేం.

వచ్చే ఏడాదికి ఒకటే పెద్ద కోరిక. మీ ఇండ్లల్ల పాత ఆల్బమ్‌లు ఉంటయి, గార్డెన్ ల జూ ఉన్నప్పటి ఫోటోలు, బాల భవన్ల డ్యాన్స్ నేర్చుకున్నప్పటియి, కొలను దగ్గర దిగినయి, ఏవి ఉన్నా తీసుకొని రండి. ఫోన్ల ఫోటో తీసుకొని అసలుది అప్పుడే వాపస్ ఇస్తం, వెనక ఏ ఏడు, అందుల ఎవరున్నరు అని రాసిస్తే చాలు. ఆదివారం పొద్దున్న వాకింగ్ అయినంక మనోళ్లు ఎప్పుడూ కూసునే బెంచీల దగ్గర ఇద్దరు కమిటీ మెంబర్లు ఉంటరు, వాళ్లకి ఇయ్యండి.

– కార్యదర్శి, కమిటీ తరఫున