ఉద్దానంలో జిమ్ పొడి తాగే ముందు ఒక్క పరీక్ష

సంపాదకుడు గారికి,

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో ఇద్దరు కలిస్తే "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలిపే, రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె. ఇప్పుడు జిమ్‌కి వెళ్లే కుర్రాళ్ల నోట కూడా అదే మాట, కాకపోతే వాళ్లు చెప్పేది కండల కోసం నీళ్లలో కలుపుకునే పొడి. మా అన్నయ్య కొడుకు పోయిన నెల ఒక ప్లాస్టిక్ కవర్లో తెచ్చాడు. దాని మీద కంపెనీ పేరు లేదు, తేదీ లేదు, ఫుడ్ లైసెన్స్ నంబరూ లేదు. అన్నం తినే చెంచాతో నిండుగా రెండేసి, రోజుకి మూడుసార్లు. గ్లాసు అడుగున ఇసకలా మిగిలిపోయేది. ఎంత వెయ్యాలిరా అంటే "జిమ్ అన్న చెప్పినంత, చిన్నాన్నా" అన్నాడు.

రోజుకి 3 నుంచి 5 గ్రాములు చాలు. మొదటి వారం రోజుకి 20 గ్రాములు నాలుగు విడతలుగా తాగే 'లోడింగ్' ఒకటుంది గానీ తప్పనిసరి కాదు, అది చెయ్యకపోయినా మూడు నాలుగు వారాల్లో కండరాల్లో క్రియాటిన్ అంతే నిండుతుంది, ఆపైన ఎక్కువ తాగింది మూత్రంలో పోవడమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కిడ్నీలకి ఈ మోతాదు చేటు చేస్తుందని పరిశోధనల్లో తేలలేదు, కాబట్టి నేను పొడి మానెయ్యమనడం లేదు.

కానీ మా ఊళ్లలో ఎవరి కిడ్నీ బాగుందో పరీక్ష చేస్తే తప్ప ఎలా తెలుస్తుంది? ఈ జబ్బు ముదిరేదాకా బయటపడదు, ఎందుకొస్తోందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. పైగా ఈ పొడి ఒంట్లో క్రియాటినిన్‌గా మారుతుంది, కిడ్నీ బాగున్నా అంకె కొంచెం పెరగొచ్చు. డాక్టరుకి పొడి సంగతి చెప్పకపోతే లేని జబ్బుకి ఇంటిల్లిపాదికీ టెన్షన్. అంతకన్నా నాకు భయం, నిజంగా జబ్బు ఉన్న కుర్రాడు "పొడి వల్లేలే" అని ఊరుకుంటాడేమోనని.

ఫుడ్ సేఫ్టీ అధికారులు కవిటి, సోంపేట, పలాస జిమ్‌లకి వెళ్లి విడిగా అమ్మే ఈ కవర్లని తనిఖీ చెయ్యాలి. పొడి మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, యూరిన్ పరీక్షలు చేయించుకోమని ప్రతి జిమ్‌లో బోర్డు పెట్టించాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది కదా, అక్కడి డాక్టర్లు అప్పుడప్పుడు జిమ్‌లకి వచ్చి మాట్లాడితే మా మాట వినని పిల్లలు వాళ్ల మాట వింటారు. మావాడికి నిన్ననే రక్తం ఇప్పించాను, రిపోర్టు వచ్చేదాకా కవరు ముట్టనన్నాడు.

— ఒక పాఠకుడు, కవిటి, శ్రీకాకుళం జిల్లా