కొత్త వీల్ ఎక్కించే ముందు
తమ్ముళ్లూ, సర్ఫేస్ గ్రైండర్‌కి (లోహపు ముక్కల పైభాగాన్ని అరగదీసి చదును చేసే మెషిన్) కొత్త వీల్, అంటే సానరాయి చక్రం, బిగించే ముందు దాన్ని వేలికి వేలాడదీసి స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమనాలి, బొంగురుగా పలికితే పగులు ఉన్నట్టే, పక్కన పడేయండి. పక్కలనున్న కాగితం వాషర్లు పీకొద్దు. వీల్ మీద రాసిన ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) కంటే స్పిండిల్, అంటే వీల్‌ని తిప్పే ఇరుసు, స్పీడ్ ఎక్కువ ఉండకూడదు. గార్డ్ వేసి, పక్కకి నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి, ఎంత అర్జెంటైనా సరే.

డ్రెస్సింగే, అంటే వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో వీల్ అంచుని గీకి పదును పెట్టడమే, అసలు పని. ఆ డైమండ్‌ని వీల్ తిరిగే వైపుకి 10-15 డిగ్రీలు వాల్చి, వీల్ మధ్యగీత దాటాక కొంచెం అవతల పెట్టండి, లేకపోతే వీల్‌లో గుచ్చుకుంటుంది. ఒక్కో పాస్‌కి 0.02 మి.మీ., చివర 0.01 చాలు, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) మధ్యలో ఆపి మళ్లీ వదిలితే డైమండ్ పగులుతుంది. డైమండ్‌ని మరీ నెమ్మదిగా జరిపితే వీల్ నునుపెక్కి, గ్రైండ్ చేసే జాబ్ (ముక్క) కాలుతుంది. పెద్ద వీల్ అయితే డ్రెస్ చేశాక మళ్లీ బ్యాలెన్స్ చూడండి.